ముక్కమ్మకు నా ముక్కు

మా కొట్టుకొచ్చేవాళ్లంతా అక్కను ముక్కమ్మ అనేవాళ్లు. సీసా మూత తీస్తే చాలు, అది ఏ నూనో, అసలుదో కల్తీదో చెప్పేసేది. నిద్రపట్టనివాళ్లకీ, తలనొప్పులవాళ్లకీ తను కలిపిచ్చే సుగంధ తైలాలే మా కొట్టుకు ప్రాణం. అలాంటిది, ఒక్క జ్వరంతో వాసన తెలియడమే మానేసింది. రోజూ పొద్దున్నే నాలుగు నూనెలు వాసన చూపించమన్నాడు డాక్టరు: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. నెలలు పట్టొచ్చట, అసలు రాకపోవచ్చునట కూడా. రాకపోతే ఈ పని మానేసి ఇంట్లో కూర్చుంటానంది అక్క. 

కాగితం పట్టీలు నూనెలో ముంచి తన ముక్కు కింద పెట్టేదాన్ని. మూడో వారానికల్లా కళ్లు మూసుకుని ఠకఠకా చెప్పేయసాగింది. నేను ఊరుకుంటానా? వీధంతా చాటింపేశాను.

నిన్న గులాబీ సీసా చేతికి దొరక్కపోతే ముందుగా నీలగిరి పెట్టాను. గులాబీ అంది. అనుమానమొచ్చి ఉత్త పట్టీ పెట్టాను. నిమ్మ అంది. నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ అదే వరసలో పెట్టిన నా తెలివి తెల్లారినట్టే ఉంది, సరే. ఆ వరస అప్పజెప్పి నన్ను వెర్రిదాన్ని చేసిన తననేమనాలి? నోటికొచ్చినట్టల్లా తిట్టాను.

అక్క అన్నీ విని, "మొదటిరోజు ఏదో ఊరికే అన్నానే. నీ మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత కాదనలేకపోయాను," అంది.

ఇంక కోపమెక్కడ? ఏడుపొచ్చేసింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కలిపే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ప్రసూతి వార్డు నర్సు నిద్రకోసం అడిగిన తైలం బాకీ ఉంది. నువ్వు కలుపు, వాసన నేను చూస్తానన్నాను. నీది ఉత్త జలుబు ముక్కు, దానికేం తెలుస్తుందని సణుగుతూనే నువ్వుల నూనెలో లావెండర్, నారింజ చుక్కలు లెక్కపెట్టి వేసింది.

ఎలా ఉందంటే బాగుందన్నాను. బాగుండటం ఒక వాసనా, సరిగ్గా చెప్పమని కసిరింది. మళ్లీ పీల్చాను.

"చిన్నప్పుడు నువ్వు పనినుంచి వచ్చి నన్నెత్తుకునేదానివే, అప్పుడు నీ మెడ దగ్గర ఇలాగే ఉండేది."

అక్క మణికట్టుతో కళ్లు తుడుచుకుంది.

"అప్పట్లో నేను రోజంతా లావెండర్ సీసాలు నింపేదాన్ని," అంది. "అంటే లావెండర్ ఎక్కువైంది. ఆ నారింజ నూనె ఇలా ఇవ్వు, ఇంకో రెండు చుక్కలు పడాలి."