గంట విన్నాను, చెప్పాను

మూడో రోజూ పాత ఫోనును గుమ్మం పక్కన మేకుకు తగిలించి, దాని తీగను బల్లమీది లాప్‌టాప్ దాకా లాగి, లిఫ్టు మెకానిక్ మళ్లీ బయటికెళ్లి బెల్ నొక్కివచ్చాడు. వంటింట్లో భార్య ఉలకలేదు, పలకలేదు. జ్వరంలో ఆమె చెవులు పోయి ఏడాదైంది. ఆయనకేమో గుండె జబ్బు. నెలలే అన్నాడు డాక్టరు. తాను లేనినాడు గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆమెకు తెలియాలి: పాత ఫోన్ బెల్ వినాలి, ఆమె ఫోన్‌ను వణికించాలి. ఆ ఒక్క పనికోసం అరవై రెండో ఏట కూతురి దగ్గర యాప్ రాయడం నేర్చుకుంటున్నాడు మహానుభావుడు.

మొదటి వారమంతా, ప్రోగ్రాం చేత తాను రాయించిన మాటలు ఏవీ అని ఫోన్ తెరకేసి గుడ్లప్పగించి చూశాడు. కూతురు నెత్తి కొట్టుకుంది.

"అక్కడ కాదు నాన్నా! ఇదిగో, లాప్‌టాప్‌లో కింద. కన్సోల్ అంటారు. ప్రోగ్రాం ఎక్కడిదాకా నడిచిందో, దాన్ని రాసినవాళ్లకే కనిపిస్తుంది."

"అలా చెప్పు! లిఫ్టులో వాళ్లకి అంకెలే. పైన మోటారు గదిలో నాకే అసలు సంగతి."

ఆ గదుల్లోనే ముప్పై నాలుగేళ్లు గడిచాయి. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. ఇరుక్కున్నవాళ్లకు ఆయన గొంతే తెలుసు, మొహం తెలియదు. ఆయనకు ఆ బాధా లేదు.

ఇప్పుడు కన్సోల్‌లో రెండు వరుసలు పడ్డాయి: "గంట విన్నాను." "చెప్పాను." భార్య ఫోన్ మాత్రం కదలలేదు.

"ఎవరికి చెప్పావే తల్లీ?" అని ప్రోగ్రాం మీద విసుక్కుని, ఆ సంగతీ చూపించమని ఇంకో వరుస రాసి, మళ్లీ నొక్కివచ్చాడు. ఒక నంబరు పడింది. కంపెనీ తనకిచ్చిన ఫోన్ నంబరు! లిఫ్టు లిఫ్టుకూ 'ఇరుక్కుంటే ఈ నంబరుకు' అని అంటించిన చెయ్యి, అలవాటు కొద్దీ అదే కొట్టేసింది. ఆ ఫోన్ రిటైరైన రోజే అప్పగించేశాడు.

"అయితే మూడు రోజులుగా మన చుట్టాలంతా ఆఫీసుకే వెళ్తున్నారన్నమాట!" కూతురు పడీపడీ నవ్వింది.

నంబరు మార్చి, బయటికెళ్లి తలుపు వేసి బెల్ నొక్కాడు. భార్య పరుగున వచ్చి తీసింది, చేతిలో ఫోన్ ఇంకా వణుకుతుండగా.

"మీరా! ఎవరో అనుకున్నా!" అంది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"పనైపోయిందిగా, ఆ కన్సోల్ మాటలు తీసెయ్ నాన్నా."

"ఉండనీలే. రేపు తీద్దాం."

మధ్యాహ్నం కాస్త నడుం వాల్చినవాడు టీ వేళకు లేవలేదు.

సాయంత్రం, సంగతి తెలిసి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. తలుపు తెరిచే ఉంచబోతే ఆమె ఒప్పుకోలేదు.

"వెయ్యండి. బెల్ కొట్టనివ్వండి," అంది.

ప్రతిసారీ ఒళ్లో ఫోన్ వణకగానే లేచి వెళ్లి తలుపు తీసింది. బల్లమీద, ఎవరూ మూయని లాప్‌టాప్‌లో, వరుస కింద వరుస చేరుతూనే ఉంది: గంట విన్నాను. చెప్పాను.