నిద్రపోతున్న పదిహేడు ఎడిటర్లు

ఆఫీసులో అతన్ని అందరూ అడ్డదారి అనేవారు. బస్సుల వేళల పట్టికను కంప్యూటర్లో దిద్దడం అతని పని. ఆ పట్టికలో ఏముంటే బస్టాండు బోర్డు మీద అదే కనబడుతుంది. ఫైలు పేరు పూర్తిగా కొట్టి తెరవడం తన స్థాయికి తక్కువని అతని నమ్మకం. పని మధ్యలో లేవాల్సొస్తే ఎడిటర్‌ను, అంటే ఫైలు దిద్దే ప్రోగ్రామును మూయడు, రెండు మీటలు నొక్కి ఉన్నదున్నట్టే తెర వెనక నిద్రపుచ్చుతాడు. ‘వి’ అని కొడితే కొత్త ఎడిటర్ ఆ పట్టికతో సహా తెరుచుకునేలా, ‘ఎఫ్’ అని కొడితే నిద్రపోతున్నది లేచేలా షార్ట్‌కట్లు రాసుకున్నాడు. ఏది కొట్టాలో వేలి ఇష్టం. మధ్యలో అడ్డొచ్చే హెచ్చరికల నోళ్ళు కూడా నొక్కేశాడు. దీనివల్ల రోజుకు నలభై సెకన్లు మిగిలేవి, ఆ గొప్ప చెప్పుకోవడానికి మాత్రం గంట పట్టేది.

ఆ వారం పట్టికకు గాలి సోకింది. ఆరున్నర బస్సు ఇక ఆరూ పదికే బయల్దేరుతుందని పొద్దున మార్చి సేవ్ చేస్తే, మధ్యాహ్నానికి మళ్ళీ ఆరున్నరే. బోర్డు నమ్ముకుని వచ్చి బస్సు తప్పిపోయినవాళ్ళు బస్టాండులో పెద్ద గొడవ చేశారు.

ఆ ఫైలు దిద్దే అనుమతి ఇంకొక్కరికే ఉంది, పక్క సీట్లో కొత్తగా చేరిన ఆవిడకు. ఆవిడ ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో శుక్రవారం తేలుతుంది. అడ్డదారి ఆలోచించలేదు. ఆలోచనకు షార్ట్‌కట్ ఇంకా రాసుకోలేదు మరి. ఆవిడే పాడుచేస్తోందని మేనేజరుకు ఫిర్యాదు రాసి పడేశాడు.

శుక్రవారం మేనేజరు ఇద్దర్నీ అతని కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. కొత్తావిడ ఏడవలేదు, వాదించలేదు.

“ఒక్కసారి జాబ్స్ అని కొట్టండి సార్. నిద్రలో ఉన్నవన్నీ కనబడతాయి” అంది.

కొట్టాడు. ఒకటా రెండా, పదిహేడు ఎడిటర్లు బారుతీరి కనబడ్డాయి. అన్నీ అతను నిద్రపుచ్చి మరిచిపోయినవే, అన్నిట్లోనూ అదే పట్టిక పాత వేళలతో ఉంది. ఇంకో బస్సు దిద్దుదామని ‘ఎఫ్’ కొట్టినప్పుడల్లా వాటిలో ఒకటి లేచేది. ఈయనగారు పైకీ కిందికీ చూడకుండా సేవ్ చేసేవాడు, పాత పట్టిక కొత్తదాని మీద పడి పొద్దున మార్చిన వేళ కొట్టుకుపోయేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికింది చాలక, ఊళ్ళో ఒకరి మీద దొంగతనం కూడా కట్టాడు.

“పాడుచేసింది నేనే మేడం. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను” అన్నాడు.

ఆవిడ ఉద్యోగం ఖాయమని మేనేజరు అక్కడికక్కడే చెప్పి, అతనివైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

మీకెప్పుడు తెలిసిందని అతను కొత్తావిడను మెల్లగా అడిగాడు.

“సోమవారమే తెలిసింది సార్. మూడుసార్లు చెప్పబోయాను. మాట సగంలో ఉండగానే అర్థమైంది, అర్థమైంది అని అటు తిరిగిపోయారు.”

అర్థమైంది అనబోయి, అతను నోరు మూసుకున్నాడు. ఆవిడ చెప్పాల్సింది ఇంకా ఉంది.