ఎనిమిది సెకన్ల ఊపిరి

పదిహేడో మీట అయింది. దూది నల్లబడింది. మెకానిక్ దాన్ని అవతల పడేసి, ఇంకో ఉండ స్పిరిట్‌లో ముంచి, పద్దెనిమిదో మీట కిందికి చెయ్యి దూర్చాడు.

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. పొట్టి వేళ్లు, అరిగిన గోళ్లు, బొటనవేలి మీద టేపు కోసే బ్లేడు పెట్టిన పాత గాట్లు. ఎప్పుడో ఈ రికార్డింగు గదిలో ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చి, మూల పడి ఉన్న టేపు పియానోని విప్పి చూశాడు. అంతే, నలభై ఒక్క ఏళ్లు ఇక్కడే ఉండిపోయాడు. ఎవరూ నేర్పలేదు. విప్పుతూ, బిగిస్తూ, తిట్టుకుంటూ నేర్చుకున్నాడు. పెళ్లిపీటల మీద కూడా ఆయన చేతులు స్పిరిట్ వాసన కొట్టాయని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

పియానో అనడమే గానీ అందులో తీగలు లేవు. ముప్పై అయిదు మీటలు, ఒక్కోదాని కింద ఒక్కో టేపు ముక్క. ఎవరో మనిషి ఎప్పుడో వేణువు ఊదితే, ఒక్కో స్వరాన్నీ ఒక్కో ముక్క మీద పట్టారు. మీట నొక్కితే టేపు కదిలి ఆ స్వరం పలుకుతుంది. ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. వదిలితే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. జిగురు, దుమ్ము, వాటిని తుడిచే చెయ్యి ఉన్నాయి.

పన్నెండింటికి వ్యాను వస్తుంది. పియానోని ప్రదర్శనశాలకు తీసుకుపోయి అద్దాల వెనక పెడతారు. ఇక దాన్ని ఎవరూ నొక్కరు. దాని గొంతు మిగిలేది కంప్యూటరమ్మాయి తయారుచేస్తున్న, కంప్యూటర్ మీటలతో ఈ స్వరాలు పలికించే ప్రోగ్రాములోనే. ముప్పై అయిదేళ్ల మనిషైనా ఆయనకు ఆమె అమ్మాయే. పోయిన వారం ఆయన జ్వరంతో పడుకున్నప్పుడు స్వరాలన్నీ పట్టేసింది.

"వినండి బాబాయ్, అచ్చం పాతదే!" అంది మురిసిపోతూ.

ఆమె హెడ్‌ఫోన్ పట్టీ సాగదీసి తలకు తగిలించుకుని విన్నాడు. స్వరం సన్నగా వణుకుతోంది. ఆయనకు ఒళ్లు మండింది.

"ఇది పాతదనం కాదు తల్లీ, మురికి."

"ఆ వణుకే కదా అందం! జనం దానికోసమే కొంటారు."

"గిన్నెకంటిన జిడ్డు చూసి వంట మెచ్చుకున్నట్టుంది. నలభై ఏళ్లు ఆ వణుకు పోగొట్టడానికే నాకు జీతమిచ్చారు. ఇప్పుడు దానికే అసలు సరుకని ముద్రేస్తావా?"

"అంతా తుడిచేస్తే ఇక దీనికీ, కంప్యూటర్ సొంతంగా పుట్టించే వేణువుకీ తేడా ఏముంటుంది?"

మంచి ప్రశ్నే. "పద్దెనిమిదోది పెట్టు," అన్నాడు గొణుక్కుంటూ.

ఆమె కంప్యూటర్లో పెట్టింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఊపిరేదీ?"

"ఏ ఊపిరి?"

"ఊదేముందు ఆయన గాలి పీల్చుకుంటాడు. ఆరో సెకనులో కాస్త తడబడతాడు."

"అవా? బుస్సుమంటుంటే తీసేశా. తడబాటు కోసేసి అతికించా. ఇప్పుడు ఎంతసేపు నొక్కినా ఆగదు, చూడండి." స్పీకరు పెట్టి, కంప్యూటర్ మీట మీద స్టేప్లర్ బరువుగా పెట్టింది.

ఆయన బయటికెళ్లి టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, తీరిగ్గా వచ్చాడు. వేణువు మోగుతూనే ఉంది.

"ఇంకా ఊదుతూనే ఉన్నాడా? పాపం, ఎవరైనా కాసిని నీళ్లివ్వండి!"

ఆమె ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని, ఇంకా తుడవని ఇరవయ్యో మీట నొక్కి, రెండో చేత్తో బల్ల మీద తాళం వేశాడు. వణుకు సరిగ్గా ఆ తాళానికే పడుతోంది.

"ఇది టేపుని లాగే రోలరు మీది జిగురు. రోలరు చుట్టు తిరిగినప్పుడల్లా వస్తుంది, గడియారంలా. ఇప్పుడిది విను."

తుడిచిన పద్దెనిమిదోది నొక్కాడు. ముందు చిన్న బుస్సు. తర్వాత నున్నటి స్వరం. ఆరో సెకనులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గాలి చాలక స్వరం కుంగి మళ్లీ నిలబడింది.

"ఇది మనిషి," అన్నాడు. "ఇందాక అడిగావే, తేడా. ఇదీ."

ఆమె మూడుసార్లు నొక్కించుకుని విన్నది. మొహం వాడిపోయింది.

"మురికిని ఉంచి మనిషిని తీసేశానా బాబాయ్? ఇప్పుడెలా? వ్యాను వచ్చేస్తుంది."

"ముప్పై అయిదు మీటలు, ఎనిమిదేసి సెకన్లు. అయిదు నిమిషాలు కూడా లేదు. ఏడుపు మాని మైకు సర్దు."

నిజమే. మొత్తం నాలుగు నిమిషాల నలభై సెకన్ల చప్పుడు. ఒక మనిషి నలభై ఒక్క ఏళ్లు కాపలా కాసింది దానికే. ఇంత చిన్నదానికి అంత బతుకా అని అడిగేవాళ్లు ఉంటారు, అడగనివ్వండి. ఆయనకు ఏనాడూ అది చిన్నదనిపించలేదు.

మిగిలిన మీటలు తుడిచాడు. ఆయన నొక్కాడు, ఆమె పట్టింది. ముప్పై అయిదోది అయ్యేసరికి కింద వ్యాను హారన్ కొడుతోంది.

"ఎనిమిది సెకన్లకే ఆగితే జనం తిడతారేమో," అంది.

"తిట్టనీ. చెయ్యెత్తి మళ్లీ నొక్కమను."

పియానోని మెట్ల మీంచి దించుతుంటే "మెల్లగా, మెల్లగా" అంటూ వెనకే దిగాడు. వ్యాను వెళ్లిపోయాక చేతులు దులుపుకుని బస్సెక్కాడు.

"అయిందా?" అంది భార్య, అన్నం వడ్డిస్తూ.

"ఊపిరి ఉంచారే."

"ఎవరిదీ?"

"ఆ ఊదినాయనది."

"ఇంతకీ ఎవరాయన?"

"ఏమో, ఎవరికి తెలుసు?" అని నవ్వి, మారు వడ్డించుకుని, తృప్తిగా తిని, కిటికీ పక్క మంచం మీద నడుం వాల్చాడు. నాలుగున్నరకు టీ పెట్టి పిలిచింది. లేవలేదు. భుజం తట్టి చూసింది. గ్లాసు కింద పెట్టి, కాసేపు ఎవరినీ కేకెయ్యకుండా, ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది.

రెండు నెలలకు ప్రోగ్రాము బయటికి వచ్చింది. దాని మీద ఆయన పేరు లేదు, ఇలాంటివాళ్ల పేర్లు ఎవరేస్తారు? స్వరం మధ్యలో ఆగిపోతోంది, బాగుచెయ్యండి అని కొన్నవాళ్లు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. కంప్యూటరమ్మాయి అందరికీ ఒకటే జవాబు పంపింది: "ఆయన ఊపిరి తీసుకోవాలి."

ఆమె ఇప్పుడు వేరే హెడ్‌ఫోన్ వాడుతోంది. ఆ రోజు ఆయన పెట్టుకున్నది గోడ కొక్కేనికి వేలాడుతోంది, ఆయన పెద్ద తలకు పట్టేలా పట్టీ రెండు పక్కలా సాగినంతమేర లాగి ఉన్నది ఉన్నట్టే.