బావ కూర్చున్నా ఆగే స్టాండు

మూడో స్టాండు విరిగింది. విరగ్గొట్టినవాడు మా బావ. నేల మీద చతికిలబడి, గుడ్డ ఊయల ఒంటికి చుట్టుకుపోయి, నింపాదిగా నా మొహంలోకి చూసి "పైపు పల్చన బామ్మర్దీ" అన్నాడు. పల్చనట! ఆ పల్చటి పైపు కోసమే కదా నేను కాళ్ళరిగేలా తిరిగింది. ఒళ్ళు మండిపోయింది. అక్క మొగుడైపోయాడు గానీ, లేకపోతే చేతిలో ఉన్న సుత్తి ఊరుకునేది కాదు.

నాది గేట్లు, కిటికీ గ్రిల్సు, వరండా ఉయ్యాలలు చేసే షాపు. ఇనుము తప్ప నాకింకోటి తెలియదు. మా అక్కేమో కుట్టుమిషన్ల మెకానిక్కు. బట్టల ఫ్యాక్టరీల్లో మిషన్లు మొరాయిస్తే వెళ్ళి బాగుచేసి వస్తుంది. కిందటేడు ఒక మిషను ఒక్కర్తే పక్కకి జరపబోయి నడుములో డిస్కు జారగొట్టుకుంది. అప్పట్నుంచీ మంచం మీద పడుకుంటే తెల్లారి లేవలేదు, నేల మీదైతే అసలు పడుకోనే లేదు. ఎవరో చెబితే గుడ్డ ఊయల తెచ్చుకుంది. అందులో కాస్త ఐమూలగా పడుకుంటే నడుము ఊరుకుంటుంది, నిద్ర పడుతుంది. వాళ్ళ గదిలో ఈ గోడకొకటి, ఆ గోడకొకటి కొక్కేలు నేనే దిగ్గొట్టాను.

అంతా బాగానే ఉందనుకుంటుంటే కంపెనీవాళ్ళు అక్కని పెద్ద మెకానిక్కుని చేస్తామన్నారు. ఊరూరా తిరిగి కొత్తవాళ్ళకి పని నేర్పాలి, ఫ్యాక్టరీల గెస్టుహౌసుల్లో ఉండాలి. ఆ పని కోసం అక్క ఎన్నేళ్ళ నుంచి కాచుకుని కూర్చుందో నాకు తెలుసు. తన తర్వాత చేరినవాళ్ళు తన నెత్తి మీంచి దాటిపోతుంటే ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తెత్తి పడేసేది. తీరా ఇప్పుడొస్తే, ఆ గదుల్లో కొక్కేలుండవు. పరాయి గోడలకి మేకులు కొడతామంటే ఎవడూరుకుంటాడు? నిద్ర లేకపోతే పొద్దున్నే నిలబడలేదు, నిలబడలేనిదాన్ని రెండో రోజే ఇంటికి పంపేస్తారు.

అందుకని నా దగ్గరికొచ్చింది. విప్పి సంచిలో పెట్టుకునేలా ఊయలకి స్టాండు కావాలంది. బస్సెక్కాలన్నా, మెట్లెక్కాలన్నా తనొక్కతే భుజాన వేసుకుని వెళ్ళగలగాలి. "మోస్తే నడుం పట్టకూడదురా. అదొక్కటి చూడు చాలు" అంది. ఓస్ ఇంతేనా అన్నాను. ఆ మాట అన్న నోరు ఇప్పుడు కుట్టేసుకోవాలనిపిస్తోంది.

మా షాపుకో పద్ధతుంది. నాన్న పెట్టింది. మనుషులు ఎక్కి కూర్చునే వస్తువు ఏది చేసినా, మనింట్లో అందరికంటే బరువైనవాడు కూర్చుని లేచాకే అది గుమ్మం దాటాలి. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయనే కూర్చునేవాడు. ఆయన పోయాక ఆ పెద్దరికం బావకొచ్చింది. మా బావని చాటుగా తూకంరాయి అంటాం. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు, పైగా పొట్ట నిమురుకుంటాడు. పక్క వీధిలోనే ఆయన జిరాక్సు షాపు. ఒక కేక వేస్తే షట్టరు సగం దించేసి వచ్చేస్తాడు.

మొదటి స్టాండు ఇనుముతోనే చేశాను. బావ కూర్చున్నాడు, ఊగాడు, కాలు మీద కాలేసుకుని ఫోను కూడా మాట్లాడాడు. ఇసుమంతైనా కదల్లేదు. నేను కాలరెగరేశాను. అక్క వచ్చి దాన్ని విప్పి, సంచిలో సర్ది, భుజానికెత్తుకుంది. వీధి మొదలు దాకా కూడా వెళ్ళలేదు. సంచి దింపి గోడ పట్టుకుని నిలబడిపోయింది. పరుగెత్తుకెళ్ళాను. పళ్ళు బిగబట్టి, కళ్ళనీళ్ళు ఆపుకుంటూ, వెనక్కి నువ్వే తీసుకెళ్ళు అన్నట్టు చెయ్యూపింది.

సరే, ఇనుముతో కాదని అల్యూమినియం పట్టాను. నా వెల్డింగు మిషను దానికి పనికిరాదు. అతుకు పెట్టబోతే వెన్నలా కారిపోయింది. పోనీ బోల్టులు బిగిద్దామని బెజ్జాలు పెట్టాను. బావొచ్చాడు. ఊయల జారుగా ఉంది, పరుపులా చదునుగా ఉంటే గానీ నడుముకి సుఖం ఉండదని ఉపన్యాసం మొదలెట్టి, తాళ్ళు బిగించమన్నాడు. ఊయలని ఎంత చదునుగా లాగి కడితే స్టాండుని అంత గట్టిగా లోపలికి గుంజుతుంది. ఉయ్యాలలు చేసేవాణ్ణి, నాకు తెలీదా? తెలుసు. అయినా ఆయన మాట వినడం నా ఖర్మ. కూర్చున్నాడో లేదో, సరిగ్గా బెజ్జం పెట్టిన చోటే పైపు మడతపడిపోయింది.

ఇంటికెళ్తే అక్కడింకో గోల. ఎందుకే ఈ తిప్పలు, ఇంటిపట్టున ఉంటే కొక్కేలున్నాయి, నేనున్నాను అంటున్నాడట బావ అక్కతో. కోప్పడి కాదు, ముద్దుగానే. కంపెనీ మేనేజరు రోజూ ఫోను చేస్తున్నాడు, వస్తావా రావా ఏదో ఒకటి తేల్చు, నీ వెనకాల ఇంకొకాయన సిద్ధంగా ఉన్నాడని. అక్క రేపు చెప్తాను, రేపు చెప్తాను అని నెట్టుకొస్తోంది. నెట్టుకొస్తున్నది నా వల్ల. అది తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

మూడోదానికి వెతికి తెచ్చిన పల్చటి అల్యూమినియం పైపుతో, బెజ్జాలే లేకుండా ఆలోచించాను. అటు మూడు కాళ్ళు, ఇటు మూడు కాళ్ళు, పైన రెండింటినీ కలుపుతూ అడ్డగొట్టం. ఊయల రెండు కొసల్నీ లోపలికి లాగుతుంటే, ఆ గొట్టం అడ్డం నిలబడి ఎదురు తోస్తుంది. కాళ్ళకి బరువు మోసే పనే మిగులుతుంది. గొట్టాన్ని, కాళ్ళని ముక్కలుగా కోసి, ఒకదాంట్లో ఒకటి దూరేలా లోపల చిన్న గొట్టాలు పెట్టాను. విప్పితే అన్నీ కలిపి చంకలో పట్టేంత కట్ట. నాకే ముచ్చటేసింది. అలవాటు ప్రకారం బావకి కేకేశాను. వచ్చాడు, ధబాలున కూలబడ్డాడు, అంతే. ఓ కాలు పుటుక్కుమంది. అదే మొదట చెప్పిన భాగోతం.

"మెల్లగా కూర్చోలేవా బావా?" అని అరిచాను.

"మెల్లగా కూర్చుంటే పరీక్షెలా అవుతుందిరా? మీ నాన్న ఎలా కూర్చునేవాడో మర్చిపోయావా?"

నిజమే, నాన్నా ధబాలుననే కూర్చునేవాడు. బావ దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ ఈల వేసినట్టనిపించింది. కావాలని విరగ్గొడుతున్నాడా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఛ, అక్కంటే ప్రాణం ఆయనకి. కానీ ప్రాణం కాబట్టే అయ్యుండొచ్చు కదా అని కూడా అనిపించింది.

తర్వాత మందం పైపు తెచ్చాను. కాలు ఆగుతుంది గానీ గొట్టం వంగుతుంది. గొట్టం మార్చితే కాలు చాలదు. అన్నీ మార్చి ఎత్తి చూస్తే మళ్ళీ మొదటికే వచ్చింది, సంచి ఇనుపదానికి చెల్లెల్లా ఉంది. తల ప్రాణం తోకకొచ్చింది. పైపులన్నీ మూలకి విసిరికొట్టి, నా వల్ల కాదని చెప్పేద్దామని కూర్చున్నాను.

అప్పుడొచ్చింది అక్క, పనిలోంచి నేరుగా. మొహం పీక్కుపోయి ఉంది. మూల పడి ఉన్న పైపుల్లో సన్నవి ఏరి పక్కన పెట్టి, విరిగిన కాలికి అలాంటిదే ఇంకోటి కొయ్యమంది.

అది విరిగిపోయిందిగా అన్నాను. విరిగిందని తెలుసు, కొయ్యి అంది. విసుగ్గా కోసిచ్చాను. తనే బిగించుకుంది. పదేళ్ళుగా స్క్రూలు తిప్పిన చెయ్యి, నాకంటే చకచకా పెట్టేసింది. తాళ్ళు కాస్త వదులుగా కట్టి, ఊయలలో మెల్లగా కూర్చుని, కాళ్ళు పైకి తీసుకుని, ఐమూలగా వాలింది. నేను స్టాండు కాళ్ళనే చూస్తున్నాను. కీచుమని ఓ చిన్న చప్పుడు, అంతే. ఆగింది.

ఆగింది సరే, అయినా నా మొండితనం నాది. "దీన్ని నేను పంపనక్కా. షాపు పద్ధతి కాదు. ఇది బావ బరువు ఆగదు."

అక్క కళ్ళు మూసుకునే ఉంది.

"మీ బావ నాతో రావట్లేదు కదరా."

ఇన్నాళ్ళూ నేను ఎవరి కోసం చేస్తున్నానో అప్పుడు గానీ తట్టలేదు. ఆవిడ ఎంత ఉంటుంది? గట్టిగా గాలేస్తే కొట్టుకుపోయే మనిషి. మోసేది తను, పడుకునేది తను. ఇన్ని స్టాండులు చేశాను, ఒక్కదాంట్లోనూ తనని పడుకోబెట్టి చూడలేదు. నాన్నా పద్ధతీ అంటూ, మొగుడి బరువంతా మళ్ళీ ఆవిడ భుజానికే ఎత్తబోయాను. నా తెలివి తగలెయ్య!

అక్క అలా పడుకునే ఫోను తీసి మేనేజరుతో రెండు ముక్కలు మాట్లాడింది. వస్తానంది, బయల్దేరేది ఎప్పుడో చెప్పమంది. ఫోను గుండెల మీద పెట్టుకుని, చూస్తుండగానే నిద్రలోకి జారిపోయింది. ఏం చెయ్యాలో తోచక, పక్కన సగంలో ఆగిన గేటు పని అందుకుని గ్రైండరు ఆన్ చేశాను. ఆ చప్పుడుకి వీధిలో పిల్లలు ఏడుస్తారు. అక్క కదల్లేదు.

కాసేపటికి బావొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఊయల వంక, స్టాండు సన్నటి కాళ్ళ వంక చూశాడు. వచ్చి ఎక్కడ తట్టి లేపుతాడోనని తిరుగుతున్న గ్రైండరు చేత్తో పట్టుకునే అడ్డం వెళ్ళాను.

"ఫోను చేసిందా?" అని అడిగాడు.

"చేసింది."

"ఏమంది?"

"వస్తానంది."

బావ మొహంలో నవ్వు లేదు. అంత పెద్ద మనిషి ఎక్కడ నిలబడాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా అన్నాడు.

"ఆ మిషను ఆపు బామ్మర్దీ. లేస్తుంది."