ఉత్త మిథనాల్లో మూడు శిఖరాలు

అనకాపల్లి మూలికల కంపెనీ ల్యాబులో షెకీనా చేరి ఐదు నెలలైంది. ఇంకో నెల గడిస్తే గానీ ఉద్యోగం పర్మినెంటు కాదు. ఇంతలో ఈ పసుపు పొడి ఆమె కొంప ముంచేలా ఉంది. ఒకే పొడి, ఒకే చెయ్యి, ఒకే మెషీన్. పొద్దున తీస్తే, పసుపుకి రంగునిచ్చే కుర్కుమిన్ 3.1 శాతం, పదకొండుకి 3.6, భోజనాలయ్యాక 3.3.

"నీ చేతిలోనే ఏదో తేడా ఉందమ్మా," అన్నాడు ల్యాబు పెద్ద త్రినాధరావు. "సాయంత్రానికి తేల్చకపోతే రేపట్నుంచి ప్యాకింగుకి ఎళ్లిపో."

ప్యాకింగులో కూర్చోడానికా ఎమ్మెస్సీ చదివింది! ఒళ్లు మండింది షెకీనాకి. పొడి కలపకుండా, దాన్ని కరిగించే ఉత్త మిథనాల్‌నే మెషీన్‌కి ఎక్కించింది. ఏమీ లేని ద్రవానికి తెర మీద గీత చదునుగా సాగాలి. సాగలేదు. చిన్నవే గానీ, పసుపులోని మూడు రంగు పదార్థాలకూ మూడు శిఖరాలు లేచాయి.

పాత నమూనా లోపల మిగిలిపోయిందేమోనని కంపెనీ పసుపు గీతనీ, దీన్నీ పక్కపక్కన పెట్టింది. కంపెనీ పసుపులో మొదటి శిఖరం మూడోదాంట్లో పావు వంతు. ఇందులో సగం. అంటే ఇది వేరే చేలో పండిన పసుపు!

ల్యాబులోకి వేరే పసుపు ఎలా వచ్చింది? ఆయుధపూజ అయి నాలుగు రోజులు. చర్చికి వెళ్లే పిల్ల గనక, ఆ పూట ఎవరితో పేచీ లేకుండా వరండాలో కూర్చుంది. పసుపు బొట్లు ఎక్కడెక్కడ పెట్టారో చూడలేదు. గాజుసామాను కడిగే అప్పలకొండమ్మని పిలిచి అడిగింది.

"మిసనుకే కాదమ్మా, సీసాలకీ ఎట్టేను. మూత కిందన, మూతి కాడ. దేవరాపల్లిలో మా తమ్ముడు పండించిన పసుపు. తెల్లారే తుడిసేసేను కదా! ఏటైనా తప్పు సేసేనా?"

మిథనాల్ సీసా మూతి తళతళలాడుతోంది. కంటికి ఏమీ ఆనలేదు. మిథనాల్ ఒంపినప్పుడల్లా ఆ అంచు మీంచే జారి, ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ పసుపు కడుక్కొస్తోంది.

బొట్టు పెట్టని కొత్త సీసా విప్పింది. గీత చదును. అదే పొడి మూడుసార్లు తీస్తే మూడుసార్లూ మూడు శాతమే. పూజ చేయించింది తానే గనక త్రినాధరావు కాస్త నసిగాడు. "సర్లే, నీ సీట్లోనే ఉండు. బొట్లు ఇకమీదట మూత మీదే," అని రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

అప్పలకొండమ్మ మాత్రం కదల్లేదు. తెర మీది ఆ మూడు చిన్న శిఖరాలనీ వేలితో చూపించింది.

"ఇదేనా మా తమ్ముడి పసుపు? తుడిసిన నా కంటికే ఆనలేదు. అదెలా సూసిందే తల్లీ!"

మెషీన్‌కి చేతులు జోడించింది. షెకీనా చేతులు జోడించలేదు. అలాగని దాని ముందు కుర్చీలో కూర్చోనూ లేకపోయింది, లేచి నిలబడింది.