దర్వాజ కాడి కొడుకు

"గారెలు మెత్తగ రావాలె మమతా. అమ్మకు గట్టిగుంటె నచ్చకపోయేది," అన్నాడు వీరేందర్, తువ్వాలతో తల తుడుచుకుంటూ. మమత పిండి రుబ్బుతూనే మొగుడి వైపు చూసింది. అత్త కనకవ్వ మంచంలో ఉన్నన్నాళ్లూ గదిలోకి అడుగు పెట్టని మనిషి, ఇవాళ ఆమె ఏడాది మాసికానికి పిండి ఎంత మెత్తగా రుబ్బాలో చెబుతున్నాడు.

కనకవ్వకు గర్భసంచి మూతికి క్యాన్సర్. ముదిరాక గానీ బయటపడలేదు. తడిసిన గుడ్డలు మార్చిందీ, ఉతికిందీ, ఎంత సబ్బు రుద్దినా చేతులకు పోని ఆ వాసనతోనే అన్నం కలుపుకుని తిన్నదీ మమతే. వీరేందర్ బొగ్గుబాయి డ్యూటీ నుంచి వచ్చి, దర్వాజ దగ్గర ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని, "ఊదుబత్తి ముట్టియ్యరాదే" అని పోయేవాడు. చుట్టాలకు కడుపునొప్పి అని చెప్పారు. కూతురు ధరణికీ అదే చెప్పారు. ఆ చోటు జబ్బు పేరెత్తితే ఇంటి పరువు పోతుందట! ఆమెను చూడకుండా వదిలేసినప్పుడు పోని పరువు.

ఇప్పుడు ఆ జబ్బు రాకుండా ధరణి ఈడు ఆడపిల్లలకు సర్కారు దవాఖానలో సూది వేస్తున్నారు. ఇవాళే ఆఖరు. పొద్దున అడిగితే వీరేందర్ మొహం చిట్లించాడు.

"పెండ్లి గాని పిల్లకు గా సూది ఏందే? నలుగురు ఏమనుకుంటరు?"

"బాయిలకు దిగేటప్పుడు నడుముకు గాలి డబ్బా కట్టుకుంటవు గద. విషగాలి వచ్చినంక కట్టుకుంటవా?"

"నా పాణానికి, దాని ముచ్చటకు ఏం సంబంధం?"

అంతే. అక్కడితో ఆ సంగతి తెగిపోయిందనుకున్నాడు.

మధ్యాహ్నం కనకవ్వ ఫోటో ముందు విస్తరి పెట్టారు. చుట్టాలు బంతికి కూర్చున్నారు. ఆడబిడ్డ మొగుడు సదయ్య బొక్క చీకుతూ, "ధరణికి సూది ఏపిస్తా అంటున్నవట చెల్లె? అది ఏసుకుంటే పిల్లలు గారట. ఫోన్ల వచ్చింది. ఆడపిల్ల ఖరాబైతది," అన్నాడు. అంటూనే, మంచినీళ్లు పోస్తున్న ధరణిని కింది నుంచి పైదాకా చూశాడు. పిల్ల చున్నీ సర్దుకుని లోపలికి పారిపోయింది. గడ్డం మీద నూనె కారుతున్న ఆ మొహాన్ని మమత స్టవ్ దగ్గర నుంచే చూసింది.

వీరేందర్‌కు అదేమీ కనబడలేదు. "నేను గూడ గదే అన్న బావా. అయినా మా ఇంట్ల గసొంటి రోగం ఎవలకున్నది?" అన్నాడు, తల్లి ఫోటో కిందే కూర్చుని, గారె తుంచుకుంటూ.

మమత స్టవ్ ఆపేసింది. చేతులు కడుక్కుంది.

"ధరణీ, చెప్పులు తొడుక్కో. దవాఖానకు పోదాం."

"ఏయ్, బంతి మీద మనుషులున్నరు! ఎవలు వడ్డిస్తరు?"

"గారెలు గిన్నెల ఉన్నయి. మీ అమ్మకు ఏం రోగమో మీకెవలకూ తెల్వదు గద. తెలిసినదాన్ని నేను పోతున్న."

ఆటోలో ధరణి తల్లి పక్కకు జరిగింది. "అవ్వ కడుపునొప్పితోని చచ్చిపోలేదా అమ్మా?" అని అడిగింది.

మమత గొంతు తగ్గించలేదు. ఆటో నడిపే మనిషికి వినబడేలాగే జబ్బు పేరు చెప్పింది.

"మరి బాపుకు తెల్వదా?"

"తెలుసు బిడ్డా. దర్వాజ కాడి దాకనే తెలుసు."