దీర్ఘం మాస్టారి పెరుగు పందెం

పిల్లలు ఆయన్ని దీర్ఘం మాస్టారు అంటారు. ఎదుట కాదు లెండి, వెనకాల. ముప్పై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నారు. ముప్పై ఏళ్ళుగా ఎక్కడ దీర్ఘం తప్పినా అర మార్కు కోస్తూనే ఉన్నారు. జ్వరమొచ్చిందని సెలవు చీటీ పట్టుకెళ్తే ముందు అందులో తప్పులు ఎర్ర సిరాతో దిద్ది, ఆ తర్వాత జ్వరం సంగతి అడిగే మనిషి. అలాంటాయనకు బడి ఆటల పోటీలు అప్పగించడమేమిటని మీరడగొచ్చు. ఏం చేస్తారు మరి? డ్రిల్లు మాస్టారు స్నానాలగదిలో జారిపడి, కాలికి పిండికట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ స్టాఫ్ రూములోకి తొంగిచూస్తే టీచర్లందరూ ఒక్కసారిగా పుస్తకాల్లో తలలు దూర్చేశారు. ఈయనకు ఆ తెలివి లేక తల ఎత్తారు. అంతే, నెత్తిన పడింది.

పడ్డాక మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. మైదానంలో ముగ్గుపిండితో వేసిన అంకెల్లో మూడు అందంగా రాలేదని మూడుసార్లు చెరిపి వేయించారు. ఆదివారం పొద్దున భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఇళ్ళకు పంపే ప్రకటన ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుంటే, వంటింట్లోంచి వాళ్ళావిడ పెరుగు లేదని కేకేసింది. ఈయన ఊ అన్నారు. పెరుగు తెమ్మంటే ఊ అంటారేమిటని మళ్ళీ అంది. లేవకపోతే ఇవాళ్టికి పెరుగు లేకుండానే తినాలని మూడోసారి తేల్చి చెప్పింది. చెవిలో పడ్డది చేతిలోకి దిగింది. కాగితం మీద ఏడో వరుసలో ఇలా పడింది: “వంద మిటర్ల పెరుగు పందెం – ఏడో తరగతి బాలికలు.” కింద ఆయన సంతకం.

ఇంకెవరు రాసినా వెంటనే పట్టుబడేది. కానీ రాసింది దీర్ఘం మాస్టారాయె. ఆయన తప్పు రాస్తారని అనుకోవడానికి ఆ బడిలో ఎవరికీ ధైర్యం చాలలేదు. గోనెసంచుల పందెం ఉంది, చెంచాలో నిమ్మకాయ పందెం ఉంది, పెరుగు పందెం మాత్రం ఎందుకుండకూడదని లెక్కల టీచరు అంది. గిన్నె నిండా పెరుగు పట్టుకుని, చుక్క ఒలక్కుండా వంద మీటర్లు నడవాలని పిల్లలే నియమాలు పెట్టేసుకున్నారు. వారం రోజులు ఇళ్ళల్లో ఒకటే సాధన. గడ్డపెరుగా, పలచటిదా అని తల్లులు ఫోన్లలో వాదించుకున్నారు.

ఒక్క పిల్ల మాత్రం కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చింది. తూనీగ అంటారు దాన్ని. డిక్టేషన్‌లో పదికి మూడు దాటిన పాపాన పోలేదు గానీ, కాళ్ళకు చక్రాలున్న పిల్ల. ఏటా అది గెలిచేది ఒక్కటే, వంద మీటర్లు. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. ఏ ఏడూ చూడ్డానికి కుదరని మనిషికి ఈసారి ఎలాగో ఒక పూట సెలవు దొరికింది. అందుకే దాని ప్రాణమంతా ఆ ఏడో వరుస మీదే ఉంది.

“మాస్టారూ, ఇది పరుగు కదండీ?” అని అడిగింది.

మాస్టారు తల ఎత్తనైనా ఎత్తలేదు. “నా రాతలో తప్పులు వెతికేంతదానివయ్యావా? వెళ్ళి నీ డిక్టేషన్ చూసుకో,” అన్నారు.

పోటీల రోజు ఆరు పందేలూ అనుకున్నట్టే సాగాయి. డ్రిల్లు మాస్టారు పిండికట్టు కాలు స్టూలు మీద చాపుకుని ఈల ఊదుతున్నాడు. దీర్ఘం మాస్టారికి మహా హుషారుగా ఉంది. ఏడో పందెం పిలిచారు. పద్నాలుగు మంది ఆడపిల్లలు పద్నాలుగు గిన్నెలతో గీత మీదికొచ్చి నిలబడ్డారు.

ఇదేమిటని అడిగారాయన. పెరుగు అన్నారు వాళ్ళు. జేబులోంచి ప్రకటన తీసి చూసుకున్నారు. పరుగు ఉండాల్సిన చోట పెరుగు ఉంది, తన చేతిరాతే. చివర్లో తూనీగ, దాని చేతిలోనూ ఒక గిన్నె. పెరుగు అప్పుడే అంచులు దాటి మోచేతి దాకా కారుతోంది. అది గిన్నెకేసి కాదు, తాడు అవతల యూనిఫాం మీదే వచ్చి నిలబడ్డ వాళ్ళ నాన్నకేసి చూస్తోంది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

హెడ్‌మిస్ట్రెస్ చెవి దగ్గరికొచ్చి, పందెం భలే కొత్తగా ఉంది మాస్టారూ అని మెచ్చుకుంది. అదీ అసలు చిక్కు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. తాడు వెనక నిలబడ్డ తల్లిదండ్రుల్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, అర మార్కులు పోగొట్టుకున్నవాళ్ళే. వాళ్ళ ముందు నోరు విప్పడమంటే ఆయనకు తల తీసేసినట్టే ఉంది. మళ్ళీ ఆ పిల్ల వైపు చూశారు. చూశాక ఉండబట్టలేదు. మైకు అందుకున్నారు.

“ఇది పరుగు పందెం. పెరుగు అని రాసింది నేనే, తప్పు నాది. ఒక అమ్మాయి వచ్చి చెప్పింది కూడా. నేనే వినిపించుకోలేదు.”

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇంక చూసుకోండి, కడుపు పట్టుకుని నవ్వనివాళ్ళు లేరు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డా, మాస్టారికి కూడా నవ్వాగలేదు.

గిన్నెలు పక్కన పెట్టించి ఈల ఊదించారు. తూనీగ పరిగెత్తింది. చేతికి కారిన పెరుగు తుడుచుకోలేదు, పక్కకు చూడలేదు. గెలుపు గీత దాటాక కూడా ఆగకుండా పోయి వాళ్ళ నాన్న పొట్టకు గుద్దుకుంది. ఆయన ఖాకీ చొక్కా నిండా పెరుగు వేళ్ళు అచ్చుపడ్డాయి. వారం రోజుల సాధన వృథా పోకూడదని, తర్వాత పెరుగు పందెం కూడా పెట్టారు. అందులో తూనీగ ఖాళీ గిన్నెతో ఆఖర్న వచ్చింది.

బహుమతులయ్యాక మాస్టారు దాన్ని బల్ల దగ్గరికి పిలిచారు. ప్రకటన ముందు పరిచి, ముప్పై ఏళ్ళలో ఎవరి చేతికీ ఇవ్వని ఎర్ర పెన్ను దాని చేతిలో పెట్టారు. “కొయ్యి తల్లీ,” అన్నారు.

అది బెరుగ్గా వాళ్ళ నాన్నకేసి చూసింది. ఆయన కానిమ్మన్నట్టు తలూపాడు. పెరుగు చుట్టూ సున్నా చుట్టి, పక్కన అర వేసింది. పెన్ను తిరిగివ్వబోయి ఆగి, కాగితం మీదికి వంగింది.

“మాస్టారూ, మీటర్లకి దీర్ఘం లేదండీ.”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. నిజమే, లేదు.

“ఎంత కొయ్యమంటారండీ?”

“నేనైతే ఎంత కోసేవాణ్ణి?”

“అర.”

“మరింకేం,” అన్నారు దీర్ఘం మాస్టారు, కాగితం దాని వైపు జరుపుతూ.